మైనస్ అద్దాలు రాసే ముందు: ఆన్‌లైన్ తరగతుల నాటి ఒక కంటి కేసు

రోగి వయసు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి విద్యార్థిని. దూరంలో ఉన్నవి మసకగా కనిపిస్తున్నాయని, సాయంత్రమయ్యేసరికి నొసలూ కణతలూ పగిలిపోతున్నట్టు నొప్పి వస్తోందని తల్లి వెంటబెట్టుకొచ్చారు. కోవిడ్ వల్ల బడి మూతపడి, చదువంతా ఫోను తెర మీదికి చేరి అప్పటికి ఎనిమిది నెలలు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రపంచవ్యాప్తంగా 150 కోట్లకు పైగా విద్యార్థులు బడికి దూరమయ్యారని యునెస్కో లెక్కగట్టింది. అంతవరకూ నల్లబల్లకూ పుస్తకానికీ మధ్య తిరుగుతుండే చూపు చేతి పొడవులోనే ఉండిపోయింది.

ఈ కేసును వివరంగా రాయడానికి ఒక కారణముంది. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చిన ఇలాంటి పిల్లల్లో పలువురు అప్పటికే దూరం చూపు కోసం ఇచ్చే మైనస్ అద్దాలు పెట్టుకొని ఉన్నారు. కొందరికి అవి నిజంగానే కావాలి. ఈ అమ్మాయికి అక్కర్లేదు. పైగా అవే ఆమె బాధను పెంచాయి. ఆ తేడా తేల్చడానికి ఒక చుక్కల మందు, అది పనిచేసేదాకా ఆగే ఓపిక, ఒక కొలత టేపు సరిపోయాయి. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు.

ఆమె చెప్పిన క్రమం

ముందు కళ్లమంట మొదలైంది. తరువాత రాత్రిపూట చదివేటప్పుడు వరుసలు పక్కకు జరిగి రెండుగా కనిపించసాగాయి. ఒక కన్ను మూసుకుంటే సర్దుకునేవి. ఆ తరువాతే దూరం మసకబారింది. ఫోను మీంచి తలెత్తి గోడ గడియారం చూస్తే ముళ్లు అలుక్కుపోయినట్టు ఉంటాయని, కాసేపు చూస్తూ ఉంటే తేటపడతాయని చెప్పింది. సెలవు రోజు పొద్దున్నే లేచి చూస్తే ఇబ్బందే ఉండదట.

ఈ చివరి రెండు వివరాలు నాకు చాలా ముఖ్యం. హ్రస్వదృష్టిలో, అంటే దగ్గరివి కనిపించి దూరంలోవి మసకబారే లోపంలో, కనుగుడ్డు పొడవు పెరుగుతుంది. పెరిగిన కనుగుడ్డు సెలవు రోజున పొట్టిదైపోదు, కాసేపట్లో తేటపడదు. పూటపూటకూ మారే మసక చెప్పే పిల్లల విషయంలో ముందు అనుమానించవలసింది కంటి లోపలి కండరాన్ని.

మా దగ్గరికి రావడానికి ఆరు వారాల ముందు ఒక కళ్లద్దాల దుకాణంలో యంత్రం మీద చూసి, రెండు కళ్లకూ మైనస్ 1.25 ఇచ్చారు. కంటి కండరాన్ని వదులు చేసే చుక్కలు వేసి చూడలేదు. అద్దాలు రాగానే దూరం స్పష్టంగా కనిపించి ఇల్లంతా సంతోషపడ్డారు. రెండు వారాలు తిరక్కుండానే తలనొప్పి మునుపటికంటే ఎక్కువైంది. ఎప్పుడూ పెట్టుకునే ఉండమన్నారు కాబట్టి ఆమె ఫోను చూసేటప్పుడు కూడా వాటిని తీయలేదు.

లక్షణాల తీవ్రతను అంచనా వేయడానికి మేము వాడే 15 ప్రశ్నల పట్టిక ఒకటుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 60. పిల్లల్లో 16 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సమస్య ఉన్నట్టే లెక్క. ఆమెకు 31 వచ్చింది.

చదివే భంగిమ

"డాక్టరు గారూ, ఎంత చెప్పినా వినదండీ, ఫోను కళ్లకు ఆనించుకునే కూర్చుంటుంది" అన్నారు తల్లి. ఆ మాటలో విసుగు ఉంది, దాని వెనక భయం ఉంది. ఇంట్లో ఎలా చదువుకుంటుందో అచ్చం అలాగే ఇక్కడ కూర్చొని చూపించమని అమ్మాయిని అడిగాను. ఫోనునూ నోటు పుస్తకాన్నీ ముందే తెమ్మని చెప్పాం. ఆమె చదవడం మొదలుపెట్టాక టేపుతో కొలిస్తే కంటికీ తెరకూ మధ్య 20 సెంటీమీటర్లుంది.

ఆమె చేస్తున్న పని పాఠం వినడం కాదు. ఉపాధ్యాయులు చేత్తో రాసిన నోట్సును ఫొటో తీసి పంపుతారు. పిల్లలు ఆ ఫొటో చూస్తూ తమ పుస్తకంలోకి ఎక్కిస్తారు. రోజుకు మూడు నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదానికి అయిదారు పేజీలు. ఈ ఎక్కించే పనే ఆ కాలపు కంటి బాధల్లో పెద్ద భాగమని నా గట్టి నమ్మకం. వీడియో తరగతుల నిడివి గురించి అందరూ మాట్లాడారు కానీ, తరగతి ముగిశాక జరిగే ఈ పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లెక్క వేసి చూద్దాం. నోట్సు పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు, నిలువుగా పట్టుకున్న ఫోను తెర వెడల్పు సుమారు 7. పేజీ మొత్తం కనపడేలా పెడితే ప్రతి అక్షరం మూడో వంతుకు కుదించుకుపోతుంది. కాగితం మీద 3 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరం తెర మీద 1 మిల్లీమీటరే. చూపు సక్రమంగా ఉన్న కన్ను పోల్చుకోగల అతి చిన్న అక్షరంతో పోలిస్తే, 40 సెంటీమీటర్ల దూరంలో ఈ 1 మిల్లీమీటరు అక్షరం రెండింతలు కూడా ఉండదు. కష్టపడకుండా ఎక్కువసేపు చదవాలంటే కనీసం రెండు మూడు రెట్లు పెద్దదై ఉండాలి. తెరను 20 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే అక్షరం కంటికి రెట్టింపై ఆ అవసరం తీరుతుంది. వేళ్లతో పెద్దది చేసుకోవచ్చు కదా అని అడిగాను. పెద్దది చేస్తే వరుస సగం తెర బయటికి పోతుందని, ప్రతి వరుసకూ అటూ ఇటూ జరుపుకుంటూ రాస్తే రాత్రి పదకొండు దాటుతుందని చెప్పింది. అంటే తెర దగ్గరికి పెట్టుకోవడం ఆమె మొండితనం కాదు. అంత పని అంత చిన్న తెర మీద ముగించాలంటే ఆమెకు మిగిలిన దారి అదొక్కటే. ఈ లెక్కంతా తల్లికి కాగితం మీద వేసి చూపించాను. ఆ తరువాత ఆవిడ కూతుర్ని మందలించడం మానేశారు. అది కూడా చికిత్సలో భాగమేనని నా ఉద్దేశం.

పరీక్షలో తేలినవి

కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ చూపు 6/18. అంటే సక్రమమైన చూపున్నవాళ్లు 18 మీటర్ల నుంచి చదవగల వరుసను ఆమె 6 మీటర్ల నుంచే చదవగలిగింది. తన అద్దాలతో 6/6. ఇక్కడితో ఆగితే అద్దాలు సరిగ్గానే కుదిరాయనిపిస్తుంది.

కంట్లోకి వెలుగు పంపి పవర్ కొలిచే రెటినోస్కోపుతో చూస్తే కథ మారింది. కనుపాపలో కనిపించే మెరుపు నిలకడగా లేదు. ఒక క్షణం మైనస్ 1.00 దగ్గర, మరుక్షణం మైనస్ 0.25 దగ్గర. దానితో పాటే కనుపాపలు చిన్నవవుతూ పెద్దవవుతూ ఉన్నాయి. దగ్గరి అక్షరం చూపిస్తే కన్ను కావలసిన దానికంటే ముందుకు ఫోకస్ చేస్తోంది. మామూలుగానైతే కొంచెం వెనకబడి ఉండాలి. సైక్లోపెంటోలేట్ 1 శాతం చుక్కలు వేసి నలభై నిమిషాలు ఆగాను. ఈ మందు ఫోకస్ చేసే సిలియరీ కండరాన్ని కాసేపు పనిచేయకుండా చేస్తుంది. అప్పుడు చూస్తే రెండు కళ్లకూ ప్లస్ 0.50. మైనస్ అన్నదే లేదు. అద్దాలు లేకుండా 6/9, ప్లస్ 0.50 పెడితే 6/6. కనుగుడ్డు పొడవు 23.1 మిల్లీమీటర్లు, ఆమె వయసుకు సాధారణమైనదే.

గోడ మీది అక్షరాలను అద్దాలు లేకుండా చదువుతున్న కూతుర్ని చూసి తల్లి తెల్లబోయారు. సైటు తగ్గిపోయిందా అని అడిగారు. అసలు రాలేదని చెప్పడానికి కొంత సమయం పట్టింది. సిలియరీ కండరం బిగుసుకుపోయి వదులుకాకపోవడం వల్ల హ్రస్వదృష్టిలా కనిపించే ఈ స్థితిని సూడోమయోపియా అంటారు.

నిర్ధారణ అక్కడితో పూర్తి కాలేదు. కండరం ఎందుకు బిగుసుకుందో తెలియాలి. తరచూ ఇలాంటి కేసుల్లో తెర చూసే గంటల మీద నెపం పెట్టి ఊరుకుంటారు. రెండు కళ్లూ కలిసి పనిచేసే తీరును కొలిస్తే అసలు కారణం కనపడింది. బొమ్మను ముక్కు వైపు దగ్గరికి తెస్తుంటే 11 సెంటీమీటర్ల దగ్గరే అది రెండుగా విడిపోయింది. సాధారణంగా 5, 6 సెంటీమీటర్ల దాకా ఒక్కటిగానే కనిపించాలి. కళ్లు బయటికి జారే ధోరణి దూరానికి 2 ప్రిజం డయాప్టర్లయితే (కళ్ల జారుడును కొలిచే ప్రమాణం) దగ్గరికి 8. ఆ జారడాన్ని సరిచేసి కళ్లను లోపలికి లాగి పట్టుకునే శక్తి 12 దగ్గరే ఆగిపోయింది. మూడూ కలిపి చూస్తే ఇది కన్వర్జెన్స్ లోపం, అంటే దగ్గరివి చూసేటప్పుడు రెండు కళ్లనూ కలిపి లోపలికి తిప్పడంలో బలహీనత.

కళ్లను లోపలికి తిప్పే శక్తి బలహీనంగా ఉన్నవాళ్లకు మెదడు ఒక అడ్డదారి చూపిస్తుంది. ఫోకస్‌ను అవసరానికి మించి బిగిస్తే, దానితో ముడిపడి ఉన్న కన్వర్జెన్స్ కూడా కొంత వస్తుంది. ఈ అమ్మాయి నెలల తరబడి అదే చేసింది. బడి ఉన్న రోజుల్లో నల్లబల్ల, కిటికీ, స్నేహితుల ముఖాలు, ఆట స్థలం ఆ బిగువును పూట పూటకూ సడలించేవి. ఆ విరామాలు పోయాక కండరం ఆ స్థితిలోనే నిలిచిపోయింది.

దాని మీద మైనస్ అద్దాలు ఎంత భారం మోపాయో అంకెల్లోనే చూడవచ్చు. 20 సెంటీమీటర్ల దూరానికి కన్ను 5 డయాప్టర్ల ఫోకస్ చేయాలి (అద్దాల పవర్‌నూ కంటి ఫోకస్‌నూ కొలిచే ప్రమాణమే డయాప్టరు). ఆమె కంట్లో ఉన్న ప్లస్ 0.50ను భర్తీ చేయడానికి మరో అర. అక్కర్లేని మైనస్ 1.25 అద్దాలు పెట్టినందుకు ఇంకో 1.25. మొత్తం 6.75. వయసును బట్టి కంటి ఫోకస్ శక్తిని లెక్కగట్టే హాఫ్‌స్టెట్టర్ సూత్రం ప్రకారం 14 ఏళ్ల పిల్లలకు కనీసం 11.5 డయాప్టర్ల సామర్థ్యం ఉండాలి. ఆమెకు మొదటిసారి కొలిస్తే అంత వచ్చింది కానీ, వరుసగా కొలుస్తూ పోతే 9కి పడిపోయింది. ఉన్న సామర్థ్యంలో సగం దాటకుండా వాడితేనే ఎక్కువసేపు సుఖంగా చదవగలరన్నది మా వృత్తిలో పాత సూత్రం. ఆమె మూడొంతుల సామర్థ్యాన్ని గంటల తరబడి వాడుతోంది. అద్దాలు తీసి, 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకొని చదివితే అవసరమయ్యేది 3 డయాప్టర్లే.

కళ్లమంటకు కారణం వేరు. మాట్లాడేటప్పుడు నిమిషానికి 17 సార్లు రెప్పలార్పిన పిల్ల, ఫోనులో పాఠం చూస్తున్నప్పుడు 6 సార్లే ఆర్పింది. వాటిలోనూ కొన్ని సగం దాకా వచ్చి ఆగిపోయాయి. గుడ్లప్పగించి తెర చూసే ఎవరికైనా జరిగేదే ఇది. కన్నీటి పొర 6 సెకన్లకే చిట్లిపోతోంది. 10 సెకన్లయినా నిలవాలి. కన్నీరు ఊరడంలో లోపం లేదు. రెప్పలు సరిగా మూతపడక తడి ఆరిపోతోంది, అంతే.

చదివేవారు వైద్యవృత్తిలో ఉంటే ఒక మాట. ఉన్నట్టుండి మైనస్ కనిపించిన ప్రతి పిల్లవాడిదీ కండరం బిగుసుకోవడమే అనుకోకూడదు. రక్తంలో చక్కెర పెరిగినా, మూర్ఛకు వాడే టోపిరమేట్ వంటి కొన్ని మందులు వాడుతున్నా చూపు మైనస్ వైపు జరుగుతుంది. తలకు దెబ్బ తగిలినా కండరం బిగుసుకోవచ్చు. తలనొప్పితో పాటు రెండుగా కనిపించడం ఉంటే కంటి నరం వాపు కోసం తప్పక చూడాలి. ఈమెకు రక్త పరీక్ష, రెటీనా, కంటి నరం, కనుగుడ్ల కదలికలు అన్నీ సక్రమంగా ఉన్నాయి. మందుల చరిత్ర లేదు, దెబ్బలు లేవు.

చికిత్స

మొదటి పని మైనస్ అద్దాలు మానిపించడం. ఆ అమ్మాయికి ఇది సులభం కాలేదు. దూరం స్పష్టంగా కనిపించడం ఆమెకు ధైర్యాన్నిచ్చింది, దాన్ని తీసేయమంటే బెదిరింది. చుక్కలు వేశాక అద్దాలు లేకుండా తనే చదివిన వరుసను గుర్తుచేసి ఒప్పించాను.

రెండు వారాల పాటు రాత్రి పడుకునే ముందు సైక్లోపెంటోలేట్ ఒక్కో చుక్క. ఆ వారాల్లో చదవడానికి మాత్రం ప్లస్ 1.25 అద్దాలు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్లస్ అద్దం ఫోకస్ కండరానికి విశ్రాంతినిస్తుంది కానీ, దానితో వచ్చే కన్వర్జెన్స్ సాయాన్ని కూడా తగ్గిస్తుంది. కళ్లు బయటికి జారే పిల్లలకు దాన్ని ఎక్కువ కాలం ఇస్తే రెండుగా కనిపించడం పెరగవచ్చు. అందుకే చుక్కలతో పాటే దాన్నీ ఆపాం. ఈ చుక్కలు వాడినప్పుడు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు పడదు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఎవరూ సొంతంగా వేసుకోకూడదు.

అసలు చికిత్స కన్వర్జెన్స్ వ్యాయామాలు. ఈ విషయంలో మాకు గట్టి ఆధారముంది. 2008లో వెలువడిన ఒక పరీక్షలో 9 నుంచి 17 ఏళ్ల మధ్య 221 మంది పిల్లలను నాలుగు గుంపులుగా చేసి 12 వారాలు చూశారు. క్లినిక్‌లో వారానికొకసారి శిక్షణ, ఇంట్లో సాధన రెండూ చేసినవాళ్లలో సుమారు 73 శాతం మంది కోలుకోవడమో మెరుగుపడటమో జరిగింది. ఇంట్లో పెన్సిల్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకునే వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో 43 శాతం. ఉత్తుత్తి శిక్షణ పొందినవాళ్లలోనూ 35 శాతం మంది మెరుగయ్యారు. పెన్సిల్ వ్యాయామం కాగితం మీద రాసిచ్చి పంపేయడం ఎంత తక్కువ సాయమో ఈ అంకెలు చెబుతాయి. ఈమెకు వారానికొకసారి క్లినిక్‌లో గంట, ఇంట్లో వారంలో అయిదు రోజులు పావుగంట చొప్పున పెట్టాం. పూసలు గుచ్చిన దారం ఒక కొస ముక్కుకు ఆనించి, దూరం పూస నుంచి దగ్గర పూసకు చూపు మార్చడం. ప్లస్, మైనస్ అద్దాలను తిప్పుతూ చదవడం. ఈ రెండోది బిగువును వదలడం నేర్పుతుంది. ఆమెకు ముఖ్యంగా కావలసింది అదే.

కళ్లమంటకు ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు రోజుకు నాలుగుసార్లు, పడుకునే ముందు మూసిన రెప్పల మీద గోరువెచ్చని గుడ్డ. ప్రతి పేజీ చివర రెప్పలు పూర్తిగా మూసి, రెండు సెకన్లు ఆగి తెరవాలి. పేజీ చివర అని ఎందుకంటే, గంటకొకసారి అని చెబితే పిల్లలకు గుర్తుండదు.

ఇక తెర సంగతి. ఇంట్లో టీవీ ఉంది. తరగతులు జరిగేటప్పుడు ఫోనును దానికి కలిపి, రెండున్నర మీటర్ల దూరం నుంచి చూడమన్నాను. అంత దూరంలో ఫోకస్ అవసరం 0.4 డయాప్టర్లే. అయితే టీవీ మీద చిన్న అక్షరాలు చదవడం కుదరదు, పిల్లలు మళ్లీ దాని ముందుకు పోయి కూర్చుంటారు. ఉపాధ్యాయుల ముఖం, బొమ్మలు, బోర్డు మీది పెద్ద అక్షరాలు చూడటానికి మాత్రమే అది పనికొస్తుంది. నోట్సు సమస్య మిగిలే ఉంది. అది ఇంట్లో తీరేది కాదు.

అందుకే బడికి ఉత్తరం రాశాను. కంటి వైద్యులు మందుల చీటీ ఎంత శ్రద్ధగా రాస్తారో అంత శ్రద్ధగా ఈ ఉత్తరమూ రాయాలని అప్పటి నుంచీ నా అభిప్రాయం. అడిగినవి నాలుగు: చేతిరాత ఫొటోలకు బదులు తెర వెడల్పుకు తగ్గట్టు వరుసలు విరిగే టైపు చేసిన నోట్సు పంపాలి, పాఠ్యపుస్తకంలో ఉన్నదాన్ని మళ్లీ ఎక్కించమనకూడదు, తరగతికీ తరగతికీ మధ్య పది నిమిషాల విరామం ఉండాలి, చుక్కలు వేసుకునే రెండు వారాలూ ఈ అమ్మాయి పాఠాలు విని ఊరుకోవడానికి ఒప్పుకోవాలి. మూడింటికి ఒప్పుకున్నారు. విరామం అయిదు నిమిషాలకు కుదించారు. టైపు చేసిన నోట్సు తరగతి మొత్తానికి వెళ్లడం నాకు అన్నిటికంటే ఆనందం కలిగించింది. ఒక్క పిల్ల కోసం అడిగినది మిగతా పిల్లలందరి కళ్లకూ అందింది.

ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్ల పాటు 20 అడుగుల దూరం చూడమనే సూత్రం తల్లికి ముందే తెలుసు, చేయిస్తున్నారు కూడా. గుర్తుపెట్టుకోవడానికి అది మంచిదే. కానీ తలెత్తితే దూరం తేటపడటానికే రెండు మూడు నిమిషాలు పడుతున్న కంటికి 20 సెకన్లు ఏ మూలకు? ఆమెకు నేను చెప్పింది వేరు: దూరంలోని ఏదైనా ఒక అక్షరం అంచులు స్పష్టంగా కనిపించేదాకా చూడు, అప్పుడే మళ్లీ పుస్తకం తెరువు. మొదట్లో దీనికి చాలాసేపు పట్టేది. రానురాను ఆ సమయం తగ్గడమే ఆమెకు తన పురోగతి తెలిపే కొలత అయింది.

నీలి కాంతిని ఆపే అద్దాలు కొనమంటారా అని తల్లి అడిగారు. వద్దన్నాను. తెర నుంచి వచ్చే నీలి కాంతి పగటి వెలుగుతో పోలిస్తే చాలా తక్కువ. ఆమె బాధకు కారణాలు దూరం, అక్షరం పరిమాణం, రెప్పలార్పకపోవడం. వీటిలో ఏ ఒక్కదాన్నీ ఆ అద్దాలు మార్చవు. తరువాత 2023లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 17 పరిశోధనలను కలిపి సమీక్షించి, ఆ అద్దాల వల్ల స్వల్పకాలంలో కంటి అలసట తగ్గుతుందని చెప్పడానికి ఆధారం లేదని తేల్చింది.

తమ్ముడి కళ్లు

అక్క కనుపాపలు విప్పారే దాకా గోడవారన కూర్చున్న ఎనిమిదేళ్ల తమ్ముడు, ఎదురుగా ఉన్న బొమ్మల పటాన్ని కళ్లు చికిలించి చూస్తున్నాడు. వాడి కళ్లూ చూస్తానని అడిగాను. వాడికేమీ లేదండీ, ఎప్పుడూ కళ్లు నొప్పి అని అనడు అన్నారు తల్లి.

చూపు రెండు కళ్లకూ 6/24. చుక్కలు వేశాక కూడా మైనస్ 1.50 కదల్లేదు. కనుగుడ్డు పొడవు 24 మిల్లీమీటర్లు. నిజమైన హ్రస్వదృష్టి.

బాధ చెప్పిన పిల్లకు అద్దాలు అక్కర్లేకపోవడం, ఏ బాధా లేని పిల్లవాడికి అవి కావలసి రావడం వింతగా తోచవచ్చు. కానీ మైనస్ 1.50 ఉన్న కంటికి 67 సెంటీమీటర్ల లోపు అంతా స్పష్టంగానే కనిపిస్తుంది. వాడి తరగతి, వాడి ఉపాధ్యాయురాలు, వాడి ఆటలు అన్నీ చేతిలోని ట్యాబ్లెట్‌లోనే ఉన్నాయి. అక్కడ దేనికీ వాడు కష్టపడాల్సిన పని లేదు, తలనొప్పి రావలసిన కారణమూ లేదు. బడి నడుస్తుంటే నల్లబల్ల మీది అక్షరాలు కనపడక పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసేవాడు. ఉపాధ్యాయురాలు గమనించి ఇంటికి కబురు పెట్టేవారు. నల్లబల్ల ప్రతి పిల్లవాడికీ రోజూ జరిగే కంటి పరీక్ష. ఆన్‌లైన్ చదువులో ఆ పరీక్ష చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. తెర వల్ల వచ్చే అలసట గురించి ఎంత మాట్లాడినా, ఈ నష్టం అంతకంటే పెద్దదని నేను అనుకుంటాను.

ఆ కాలంలో చిన్న పిల్లల్లో హ్రస్వదృష్టి పెరిగిందనడానికి చైనాలో బడి పిల్లల మీద జరిగిన పరిశీలన గట్టి సాక్ష్యం. 6 నుంచి 13 ఏళ్ల మధ్య 1,23,535 మందిని ఏటేటా చూసిన లెక్కల్లో, 2015 నుంచి 2019 దాకా ఆరేళ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి ఎన్నడూ 5.7 శాతం దాటలేదు. ఇళ్లలోనే ఉండిపోయిన 2020లో అది 21.5 శాతానికి చేరింది. పెద్ద పిల్లల్లో మార్పు అంతగా లేదు. అయితే ఆ లెక్కలు చుక్కలు వేయకుండా తీసినవి. కాబట్టి అందులో అక్కలాంటివాళ్లు కొందరు ఉండే ఉంటారు. అయినా చిన్నవాళ్లలో పెరుగుదలను దానితోనే కొట్టిపారేయలేం.

తమ్ముడికి పూర్తి పవర్‌తో అద్దాలు ఇచ్చాం. పవర్ తగ్గించి ఇస్తే సైటు పెరగదని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది, అది నిలబడలేదు. పగటిపూట ఆరుబయట రోజుకు రెండు గంటలు గడపాలని రాసిచ్చాను. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరపు బడులలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపే ఏర్పాటు చేస్తే, మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు ఆ బడుల్లో 30.4 శాతం, ఆ ఏర్పాటు లేని బడుల్లో 39.5 శాతం. 2015లో వచ్చిన ఆ ఫలితాలు హ్రస్వదృష్టి మొదలు కాకుండా ఆపడం గురించినవి. మొదలైపోయినదాన్ని నెమ్మదింపజేయడంలో వెలుతురు సాయం తక్కువే. ఈ తేడా తల్లికి దాచకుండా చెప్పాను. బయట ఆడుకుంటే అద్దాలు పోతాయన్న ఆశ ఆవిడకు కలగకూడదు.

తరువాతి నెలలు

అక్కకు చుక్కలు వేసిన మొదటి మూడు రోజులు కష్టంగా గడిచాయి. దగ్గరివి కనపడక ఏడ్చిందని తల్లి ఫోను చేశారు. పాఠాలు వినడానికి బడి అనుమతి ఉంది కాబట్టి నెట్టుకొచ్చింది. రెండు వారాల చివర మందు ప్రభావం పోయాక చూస్తే అద్దాలు లేకుండా 6/9. ఆరు వారాలకు 6/6, రెటినోస్కోపీలో మెరుపు నిలకడగా ఉంది. తలనొప్పి వారంలో ఒకటి రెండు సాయంత్రాలకు పరిమితమైంది.

పన్నెండు వారాలకు కన్వర్జెన్స్ 5 సెంటీమీటర్లకు వచ్చింది. కళ్లను లోపలికి లాగే శక్తి 12 నుంచి 25కు పెరిగింది. ప్రశ్నల పట్టికలో 31 కాస్తా 12 అయింది. కన్నీటి పొర 9 సెకన్లు నిలుస్తోంది. అక్కడ ఇంకా పని ఉంది. తెర ముందు గడిపే మొత్తం సమయం ఈ మూడు నెలల్లో పెద్దగా తగ్గలేదు. తగ్గించమని నేను పట్టుబట్టనూ లేదు, అది ఆమె చేతిలో లేని విషయం. మారినవి దూరం, అక్షరం పరిమాణం, కళ్లకు దొరికిన విరామం.

పరీక్షల ముందు బాధ మళ్లీ తలెత్తింది. టైపు నోట్సు ఆగి, పాత ప్రశ్నపత్రాల ఫొటోలు వరదలా వచ్చాయి. వాటిని కాగితం మీద అచ్చు వేయించుకోమని, సాధన తిరిగి మొదలుపెట్టమని చెప్పాను. వారం పది రోజుల్లో సర్దుకుంది. కన్వర్జెన్స్ లోపం నయమైన పిల్లల్లో కొందరికి ఒత్తిడి కాలంలో ఇలా తిరగబెట్టడం ఉంటుంది. అప్పుడు అద్దాల దుకాణానికి పరుగెత్తకుండా వ్యాయామాలకు తిరిగి రావాలని తల్లీకూతుళ్లిద్దరికీ ముందే చెప్పి ఉంచడం మేలు చేసింది.

ఏడాదికి అక్క చూపు అద్దాలు లేకుండా 6/6, చుక్కలతో చూస్తే ప్లస్ 0.25. తమ్ముడికి మైనస్ 2.00, కనుగుడ్డు పొడవు 24.25 మిల్లీమీటర్లు. ఆ వయసులో ఏడాదికి అర డయాప్టరు పెరగడం నేను ఊరక చూస్తూ కూర్చునే వేగం కాదు. తల్లిదండ్రులతో మాట్లాడి హ్రస్వదృష్టి పెరుగుదలను నెమ్మదింపజేసే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు మొదలుపెట్టాం. ఇకపై ఆరు నెలలకొకసారి పొడవు కొలుస్తాం. బడి తెరుచుకున్నాక వాడు ముందు వరుసలో కాకుండా మధ్యలో కూర్చుంటున్నాడని, బోర్డు అక్కడి నుంచే కనిపిస్తోందని తల్లి చెప్పారు.